నడుం వాల్చిన సైకిలు

నేను ఒక సైకిల్ని. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను. ఎందుకంటే నన్ను చూసినవాళ్ళలో ఆ ముక్క తమంతట తాము గ్రహించినవాళ్ళు బహు తక్కువ. రోగి మంచమనుకున్నవాళ్ళున్నారు. పడక్కుర్చీకి ఎవరో చక్రాలు తగిలించారనుకున్నవాళ్ళున్నారు. ఎన్నికల ప్రచారం బండి అనుకుని కరపత్రం కోసం చెయ్యి చాపినవాళ్ళూ ఉన్నారు. నా మీద మనిషి కూర్చోడు. కడుపునిండా భోంచేసి ఒరిగినట్టు వీపు వాల్చి, కాళ్ళు ముందుకు చాపుతాడు. పెడళ్ళు ముందుంటాయి. ముందు చక్రం చిన్నది, వెనకది పెద్దది. గొలుసు రెండు మామూలు సైకిళ్ళకు సరిపోయేంత పొడుగు. ఇంతే నా వింత. లోకంలో ఇంతకంటే వింతైనవి ఓట్లడుగుతూ తిరుగుతున్నా ఎవరూ ఆగి చూడరు గాని, నన్ను మాత్రం ఆగి చూస్తారు.

హైదరాబాదు బాలానగర్‌లో హబీబుద్దీన్ అనే ఆయన షెడ్డులో పుట్టాను. ఆయన బతకడానికి ఆసుపత్రి మంచాలు చేస్తాడు, మనసు ఊరుకోక నాలాంటివి చేస్తాడు. నాకు వాడిన గొట్టాల్లో మిగిలినవి ఒక కాన్పుల వార్డు మంచానికి పోయాయి. ఆ మంచం ఏ ఊళ్ళోనో ఇప్పటికీ మనుషుల్ని ఈ లోకంలోకి దింపుతూనే ఉంటుంది. అలా దిగినవాళ్ళు పెద్దయ్యాక ఎలా తయారవుతారో చూసే పని నాకు పడింది.

నన్ను కొనుక్కున్న మనిషి దోనేపూడి రంగనాయకులు. విజయవాడలో టైల్స్ కొట్టు. ఆరోగ్యం కోసం సైకిలు తొక్కడం మొదలుపెట్టి, ఆ సైకిలు తొక్కడం కోసమే ఆరోగ్యం పాడుచేసుకున్న పెద్దమనిషి. ఊళ్ళో ఒక సైకిల్ క్లబ్బు పెట్టి, దానికి తానే అధ్యక్షుడై, ప్రతి ఆదివారం ఒంటికి అతుక్కుపోయే చొక్కా వేసుకుని పొట్టను లోకానికి చూపిస్తూ తిరిగాడు. ఒకరోజు నడుంలో ఏదో కలుక్కుమంది. వెన్నుపూస దగ్గర నరం నొక్కుకుంటోందని, ఇక వంగి తొక్కే సైకిలు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. క్లబ్బు కుర్రాళ్ళు ఎంతో వినయంగా, "అంకుల్, ఇకనుంచీ మీరు మా వెనకాల వచ్చే అరటిపళ్ళ వ్యాన్లో వచ్చేయండి, పైనుంచి మమ్మల్ని చూసుకోవచ్చు" అన్నారు. నడుంనొప్పి భరించాడు గాని ఆ వినయాన్ని భరించలేకపోయాడు. కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దాకా ఒంటరిగా సైకిలు మీద వెళ్ళి చూపిస్తానని శపథం పట్టాడు.

పడుకుని తొక్కే సైకిళ్ళుంటాయని ఫోనులో చూసిన రోజు నుంచి ఆయనకు పూనకం వచ్చింది. సీటు వలలా ఉండాలా, దూది దిండులా ఉండాలా? వలైతే గాలాడుతుంది, దిండైతే మెత్తగా ఉంటుంది. హ్యాండిలు ఛాతీ ముందుండాలా, తుంటి పక్కన ఉండాలా? బండి పొడుగ్గా ఉంటే నిలకడ, పొట్టిగా ఉంటే మలుపు సులువు. ఎత్తుగా ఉంటే లారీవాడికి కనిపిస్తాం, కిందికి ఉంటే పడినా దెబ్బ తగలదు. ఫోనులో ఒక గుంపు ఉంది. అందులో ఇలాంటి సైకిలు ఒక్కసారైనా ఎక్కినవాడు ఒక్కడూ లేడు కాబట్టి అభిప్రాయాలకు కొదవ లేదు. మాఘం పోయింది, వేసవి పోయింది, వానలు కూడా వెనకబట్టాయి. రంగనాయకులు ఇంకా వల దగ్గరే ఉన్నాడు.

భార్య సువర్చల ఒకరోజు కాఫీ గ్లాసు బల్లమీద టక్కున పెట్టింది.

"పెళ్ళిచూపులకొచ్చి నన్ను అరగంట చూసెళ్ళారు. అందులో సగం సేపు జంతికలు తిన్నారు. ఆ సీటుకేమో ఇన్ని నెలలా?"

"దాని మీద వీపు పెట్టి రోజంతా ఉండాలి కదే" అన్నాడు ఆయన.

"నాతో ఉండక్కర్లేదనుకునే వచ్చారన్నమాట" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట ఆయనకు రెండో కాఫీ లేదు.

చివరికి బాలానగర్ వచ్చాడు. షెడ్డులో మేం కొన్ని బళ్ళం గోడవారగా ఒరిగి ఉన్నాం. ఒక్కొక్కదాని మీద వాలి, కళ్ళు మూసుకుని, తల అటూ ఇటూ ఆడించి, లేచి, మళ్ళీ వాలాడు. దిండు సీటున్న నా పక్కదాని మీద వాలినప్పుడు కాసేపటికి సన్నగా గురక వినిపించింది. హబీబుద్దీన్ రెంచీతో గొట్టం మీద తట్టాడు.

"సార్, గిది తొక్కనీకి. పండనీకైతే చెప్పుండ్రి, మంచం చేసిస్త. మంచాలు మా దగ్గర ఫస్ట్ క్లాస్ ఉంటయ్."

ఆయన ఉలిక్కిపడి లేచి, సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి పక్కనున్న దాన్ని చూపించి, "ఇది బాగుంది" అన్నాడు. ఆ పక్కనున్నది నేను. అన్ని నెలల పరిశోధన, అన్ని వాదోపవాదాలు, వల, దిండు, పొడుగు, పొట్టి, అంతా కలిసి చివరికి ఒక గురక నిర్ణయించింది. తర్వాత క్లబ్బులో మాత్రం, వీపు కోణం లెక్కగట్టి ఎంచుకున్నానని చెప్పాడు. మనుషులు ముందు ఎంచుకుని కారణాలు తర్వాత వెతుక్కుంటారు. పెళ్ళిళ్ళు, ఓట్లు, సైకిళ్ళు, అన్నీ అంతే.

నాకు వల సీటు, ఛాతీ ముందు హ్యాండిలు. లారీవాళ్ళకు కనిపించాలంటే వెనక పొడుగాటి కర్రకు జెండా కట్టాలని హబీబుద్దీన్ చెప్పి పంపాడు. జెండాకు రంగు దగ్గర మళ్ళీ చిక్కొచ్చింది. ఏ రంగు చూసినా ఏదో ఒక పార్టీది. చివరికి సువర్చల విసుగెత్తి తన పాత వంకాయరంగు లంగాలోంచి ఒక ముక్క చింపి ఇచ్చింది. ఆ రంగు పార్టీ ఇంకా ఎవరూ పెట్టలేదు.

నా మీద నిలదొక్కుకోవడం ఆయనకు అంత తేలిగ్గా రాలేదు. కాలువగట్టు మీద కుడివైపు పడ్డాడు, ఎడమవైపు పడ్డాడు, ఒకసారి ఆగి ఉండగానే పడ్డాడు. మామూలు సైకిలు బాగా వచ్చినవాళ్ళకే ఈ తిప్పలు. వాళ్ళ ఒళ్ళు పాత సంగతులు మరిచిపోవడానికి ఒప్పుకోదు. కాని పట్టుదల గల మనిషి. చలికాలం మొదలయ్యేసరికి నేరుగా పోవడం నేర్చుకున్నాడు. నడుం నొప్పెట్టడం లేదు. ఆ సంతోషం ఆయన ముఖంలో చూసినప్పుడు, నిజం చెప్పాలంటే, నాకూ గర్వంగానే అనిపించింది.

డిసెంబరు మొదట్లో ఒక తెల్లవారుజామున బయల్దేరాం. కంకిపాడు దాకా హాయిగా సాగింది. అక్కడ టీ కొట్టు దగ్గర ఆగగానే జనం మూగారు. బుట్టలో జామకాయలు పెట్టుకున్న ఒకావిడ ముందుకొచ్చి నోటిమీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో నాయనా, ఎప్పుడు జరిగింది?"

"ఏం జరగలేదమ్మా. ఇది ఇలా తొక్కే సైకిలే. నా కాళ్ళు బానే ఉన్నాయి."

ఆవిడ పక్కవాళ్ళకేసి తిరిగింది. "చూశారా? ఎంత గుండె నిబ్బరమో! నోరు విప్పి బాధ చెప్పుకోడు" అని రెండు జామకాయలు నా సంచిలో పడేసింది. టీ కొట్టాయన ఇంకో టీ పోయించాడు.

నన్ను కదిలించాలంటే కాళ్ళు కావాలి. కాళ్ళు తప్ప మరేమీ అక్కర్లేదు. రంగనాయకులు కాళ్ళు రెండూ అందరి కళ్ళముందు, నా కొస దగ్గర, కవ్వం తిరిగినట్టు తిరుగుతున్నాయి. అయినా వాటిని చూసినవాడు లేడు. పడుకున్న మనిషంటే లేవలేని మనిషే అని వాళ్ళ లెక్క.

ఉయ్యూరు వచ్చేసరికి ఆయన జవాబు చిన్నదైపోయింది. "ఏమైందండీ?" అంటే "ఏం లేదండీ" అని ఊరుకున్నాడు. కొబ్బరిబోండాల వాళ్ళు బోండం కొట్టిచ్చారు. చెరుకు ట్రాక్టర్లు పక్కకు తప్పుకుని దారి ఇచ్చాయి. మూడు దశాబ్దాలుగా విజయవాడ రోడ్ల మీద హారన్లూ తిట్లూ తప్ప ఎరగని మనిషికి ఒక్కసారిగా ఊరూరా మర్యాద. ఉయ్యూరు దాటాక "ఏం లేదండీ" కూడా పోయింది. నీరసంగా ఒక నవ్వు నవ్వేవాడు, అంతే. అబద్ధం ఒక్కటీ ఆడలేదు సుమా. నిజం చెప్పడం మానేశాడంతే. సుఖం కోసమని ఎన్ని నెలలు నా సీటు గురించి బుర్ర బద్దలుకొట్టుకున్నాడో! తీరా చూస్తే ఆయనకు సుఖంగా ఉన్నది సీటు కాదు, జనం జాలి. అది వలకంటే గాలాడుతుంది, దిండుకంటే మెత్తగా ఉంటుంది.

దివిసీమలో ఒక మండల కేంద్రం. పేరు చెప్పను. చెబితే మిగతా ఊళ్ళవాళ్ళు తమది కాదు కదా అని సంబరపడతారు. అక్కడ ఒక తెల్లటి కారు మమ్మల్ని దాటిపోయి, ఆగి, వెనక్కి వచ్చింది. అందులోంచి తెల్లటి చొక్కాలో నల్లమోతు పిచ్చేశ్వరరావు దిగాడు. ఆ చుట్టుపక్కల పెద్ద నాయకుడు. ఆ రోజు వికలాంగుల దినోత్సవం. మండలాఫీసు ముందు షామియానా వేశారు, పేపర్లవాళ్ళను పిలిచారు, తీరా చూస్తే ఫోటోకి తగ్గ మనిషి ఎవరూ దొరకలేదని ఆయన బెంగ. నా మీద పడుకున్న రంగనాయకులు, పైన రెపరెపలాడే వంకాయరంగు జెండా కనపడగానే ఆయన కళ్ళు మెరిశాయి.

"ఎక్కణ్ణించండీ?"

"విజయవాడ నుంచి..."

"విజయవాడ నుంచా! ఈ స్థితిలో!" అని పిచ్చేశ్వరరావు అనుచరులకేసి తిరిగి, "ఒరే, ఈయన్ని తీసుకొచ్చెయ్యండి" అన్నాడు.

"కాదండీ, నాకు నిజానికి..." అని రంగనాయకులు మొదలుపెట్టాడు.

"మీరేం మాట్లాడొద్దు. బాగా అలిసిపోయారు" అని ఆయన భుజం తట్టాడు.

ఇద్దరు ముందు, ఇద్దరు వెనక పరిగెత్తుతుంటే షామియానాలోకి వెళ్ళాం. మండలాఫీసు ఎత్తరుగే వేదిక. అరుగుకు ముందు నిటారుగా మెట్లు. నలుగురు వచ్చి, ఆయన నా మీద ఉండగానే, మా ఇద్దర్నీ కలిపి పైకెత్తారు. బాలానగర్ నుంచి ఎన్నో చూశాను గాని పల్లకీనవుతానని మాత్రం అనుకోలేదు. మెట్ల మధ్యలో ఒకడి చెయ్యి జారి నేను ఒక పక్కకు ఒరిగాను. ఆ భయానికి రంగనాయకులు కాళ్ళు గాలిలో గబగబా పెడళ్ళు తొక్కేశాయి. వెనక చక్రం గిర్రున తిరిగింది. అంతమందిలో ఎవరూ చూడలేదు. కింద, మొదటి వరసలో, చేత్తో తిప్పే మూడు చక్రాల బండిలో కూర్చున్న ఒకావిడ మాత్రం చూసింది. చూసి, కళ్ళజోడు సర్దుకుంది.

ఆవిడ పాలపర్తి ఎస్తేరు. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. ఆ ఊరి డిగ్రీ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతుంది. ఆ రోజు సన్మానం నిజానికి ఆవిడకే. వెనకాల ఫ్లెక్సీ మీద ఆవిడ పేరు ఉంది. పిచ్చేశ్వరరావు బొమ్మ మోకాళ్ళ మధ్య నుంచి చూస్తే కనిపిస్తుంది కూడా.

రంగనాయకులికి దండ వేశారు, శాలువా కప్పారు. ఆయన ముఖం కందగడ్డలా అయింది. అది సిగ్గని నాకు తెలుసు, భావోద్వేగమని మైకులో చెప్పారు. నడుంలో నరం నొక్కుకుంటున్న మనిషిని రైలు కింద పడి బతికినవాణ్ణి చేశారు, అడగని కథ ఒకటి అల్లి మరీ చప్పట్లు కొట్టించారు. ఆయన రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ చప్పట్లే ఆ నోరు మూయించాయి. మనిషిని పొగడ్తతో కట్టిపడేస్తే తాళ్ళక్కర్లేదని అప్పుడు చూశాను.

తర్వాత ఎస్తేరు పేరు పిలిచారు. ఆవిడ బండి మెట్లదాకా వచ్చి ఆగింది. ఎత్తవలసిన నలుగురూ పైన నా పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు. కాసేపు ఎవరికీ ఏం తోచలేదు. మైకు పట్టుకున్నవాడికి తోచింది.

"ఎస్తేరు మేడమ్ గారు అనివార్య కారణాల వల్ల వేదికమీదకు రాలేకపోతున్నారు కాబట్టి, వారి శాలువా కూడా మన సాహసవీరుడు రంగనాయకులు గారికే..."

రెండో శాలువా కూడా ఆయన భుజాల మీద పడింది.

"నేనొచ్చే ఉన్నానండీ!" కింద నుంచి ఎస్తేరు గొంతు ఖంగుమంది. క్లాసులో ఆఖరి బెంచీదాకా వినపడేలా మాట్లాడ్డం అలవాటైన గొంతు. "నేను రాలేకపోవడం కాదు. మీకు మెట్లు తప్ప ఇంకోటి కట్టడం రాలేదు."

తర్వాత ఆవిడ రంగనాయకులుకేసి చూసింది.

"అయ్యా, సైకిలాయనా! మీ పిక్కలు బలంగా ఉన్నాయి. ఎన్నేళ్ళ నుంచి తొక్కుతున్నారేంటి?"

నా సీటు వల మీద ఆయన వీపు చెమటతో తడిసిపోవడం నాకు తెలుస్తోంది. ఆ క్షణంలో ఆయనకు రెండు దారులున్నాయి. నీరసం నవ్వు ఒకటి నవ్వేసి ఊరుకుంటే చాలు, రెండు శాలువాలతో హంసలదీవి వెళ్ళిపోవచ్చు. నవ్వు సగం వచ్చింది కూడా. కాని ఎస్తేరు చూపు ఆయన ముఖం మీద లేదు, కాళ్ళమీదే ఉంది. పొద్దుటి నుంచి ఆ కాళ్ళకేసి చూసిన మొదటి మనిషి ఆవిడే. ఆయన హ్యాండిలు వదిలాడు. కాళ్ళు కింద పెట్టాడు. లేచి నిలబడ్డాడు.

షామియానా అంతా ఒక్కసారి "హా!" అంది.

"నా కాళ్ళకేం కాలేదండీ" అన్నాడు మైకు లాక్కుని. "నడుంనొప్పి. అందుకని పడుకుని తొక్కే సైకిలు కొనుక్కున్నాను. పొద్దుటి నుంచి అందరూ పొరబడుతున్నారు. నేనూ... చెప్పలేదు. బాగుంది కదా అని ఊరుకున్నాను. తప్పయిపోయింది."

ఇంత నిజం చెబితే రాళ్ళు పడతాయని నేను భయపడ్డాను. ఏం పడలేదు. నిజాన్ని నిజంగా వినేవాళ్ళుంటే కదా రాళ్ళు పడేది! మొదటి వరసలో ఒకావిడ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "లేచి నిలబడ్డాడే తల్లీ!" అని కేక పెట్టింది. పిచ్చేశ్వరరావు మెరుపులా మైకు అందుకున్నాడు. "చూశారా! నడవలేని మనిషిని మన వేదిక నిలబెట్టింది! మీ అందరి ఆశీర్వాదం!" చప్పట్లు షామియానా గుడ్డను ఎగరగొట్టేశాయి. పేపర్లవాళ్ళ కెమెరాలు టపటపలాడాయి. రంగనాయకులు "అది కాదండీ, అది కాదు" అంటూనే ఉన్నాడు. వైద్యశాస్త్రం చేయలేనిది తాను చేశానన్న తృప్తితో నాయకుడు మరో సభకు వేళవుతోందని కారెక్కి వెళ్ళిపోయాడు.

రంగనాయకులు మెట్లు దిగి ఎస్తేరు ముందు నిలబడ్డాడు.

"క్షమించమ్మా. పట్టుకోనా? పైకి ఎక్కిస్తాను."

"ఎత్తొద్దు" అంది ఆవిడ. "చిన్నప్పటి నుంచీ నన్ను ఎత్తినోళ్ళంతా ఓ ఫోటో దిగి కింద పెట్టేసినోళ్ళే. మీరు చేస్తానంటే ఒకటి చెయ్యండి. భోజనాల దగ్గర బల్లలున్నాయి చూడండి, అవి తీసుకొచ్చి మెట్లమీద వేయించండి."

ఆయన ఆ శాలువాలతోనే పరిగెత్తాడు. టెంటు సామాను మనిషి, "బల్లలు విరిగితే ఎవరిస్తారండీ?" అని అడ్డుపడ్డాడు. దివ్యపురుషుడని ఒకవైపు దండం పెడుతూనే, బల్లలు మాత్రం ఇవ్వనన్నాడు. భక్తి వేరు, సామాను వేరు. రంగనాయకులు ఒక శాలువా అతని భుజంమీద వేసి రెండు బల్లలు లాక్కొచ్చాడు. నడుంనొప్పి సంగతి ఆ క్షణంలో ఆయనకు గుర్తులేదు. తర్వాత వారం రోజులు అదే గుర్తు చేసింది.

"వెనకాల నిలబడండి. తొయ్యొద్దు" అంది ఎస్తేరు. రెండు చేతులతో చక్రం తిప్పుకుంటూ బల్లమీదకు ఎక్కింది. సగం దాకా వచ్చి ఆగింది. బల్ల కిర్రుమంది. చేతుల్లో నరాలు ఉబ్బాయి. రంగనాయకులు చేతులు చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. సాయం చెయ్యకుండా నిలబడడం ఎంత కష్టమో ఆయన ముఖం చూస్తే తెలిసింది. ఆవిడ ఊపిరి బిగించి ఇంకోసారి తిప్పింది. బండి అరుగు మీదకొచ్చి నా పక్కన ఆగింది.

అప్పటికి జనం పులిహోర దగ్గరికి చేరిపోయారు. మైకువాడు వైర్లు చుడుతున్నాడు. ఎస్తేరు అతని చేతిలోంచి మైకు తీసుకుంది.

"ఈ ఆఫీసు అరుగెక్కడం నాకిదే మొదటిసారి. ఫ్యాను బాగుందండీ" అంది. పులిహోర తింటున్నవాళ్ళు తలెత్తారు. "ఏ కాగితం కోసం వచ్చినా గుమాస్తాగారు కిటికీలోంచే రేపు రమ్మనేవారు. ఆ కిటికీకి ఇవతలి పక్క ఇంత చల్లగా ఉంటుందని తెలీదు. తెలిస్తే నేనూ రేపు రమ్మనేదాన్నేమో."

ఎక్కడో ఒకరు నవ్వారు. తర్వాత ఇంకొందరు. గుమాస్తా పులిహోర విస్తరి పట్టుకుని స్తంభం చాటుకు జరిగాడు. రంగనాయకులు తన భుజం మీద మిగిలిన శాలువా తీసి మడతపెట్టి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. కప్పలేదు. కప్పితే మళ్ళీ ఎవరైనా ఫోటో తీస్తారని భయపడ్డాడు కాబోలు.

ఆ సాయంత్రం హంసలదీవి చేరాం. దారిలో ఎవరు జాలిగా చూసినా ఆయన ఆగి, లేచి, నా చుట్టూ ఒకసారి నడిచి చూపించి, మళ్ళీ ఎక్కేవాడు. సముద్రం చూశాడు. ఫోటో దిగబోయి, ఎందుకో, ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

పేపర్లో మాత్రం ఆయన లేచి నిలబడిన ఫోటో వచ్చింది. ఎస్తేరు మాటలు ఎక్కడా లేవు. నెల తిరక్కుండా ఆయన సిమెంటు, ఇటుకలు, ఇద్దరు మేస్త్రీలతో ఆ ఊరు వెళ్ళి, ఆఫీసువాళ్ళ కాళ్ళావేళ్ళా పడి, మెట్ల పక్కన వాలుదారి కట్టించాడు. కొట్టులోకెల్లా తళతళలాడే పలకలు దానికి వేయించాడు. ఎస్తేరు వచ్చి వాటికేసి చూసింది.

"అద్దంలా ఉన్నాయి. జారితే తిన్నగా బస్టాండులో తేలతాను. మీ సీటు కూడా ఇలాగే ఎవరినీ అడక్కుండా కొన్నారా?"

ఆయన ఆ పలకలు పగలగొట్టించి, గరుకు పలకలు కొన్ని తెప్పించి ఆవిడ ముందు నేలమీద పరిపించాడు. ఆవిడ ఒక్కొక్కదాని మీదా బండి తిప్పి, తడిపించి మళ్ళీ తిప్పి, ఒకటి చూపించింది. అది అన్నింటికంటే వికారంగా ఉన్న పలక. అదే వేశారు. పిచ్చేశ్వరరావు వచ్చి రిబ్బను కత్తిరించాడు. శిలాఫలకం వాలుదారికి అడ్డంగా పెట్టబోతే ఎస్తేరు పక్కకు జరిపించింది.

ఆయన్ని లేపి నిలబెట్టింది నేనేనని జనంలో పుట్టిన మహత్యం కథ మాత్రం ఇంకా చావలేదు. ఆ దారిలో వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరు ఎదురొస్తారు. నా ముందు చక్రానికి పసుపు, గొలుసుకు కుంకుమ. గొలుసుకు కావలసింది నూనె అని ఎవరికీ తట్టదు.

మొన్న ఎండవేళ ఉయ్యూరు దాటాక ఒక చెరుకురసం బండి దగ్గర ఆగాం. ఒకాయన మోటారు సైకిలు మీద ముసలితల్లిని తీసుకొచ్చాడు. నడుం వంగి ఇంచుమించు నేలను చూస్తూ నడిచే మనిషి. పేరు లక్ష్మీకాంతమ్మట. రంగనాయకులు అలవాటుగా లేచి, నడిచి చూపించి, తన పాఠం అప్పజెప్పాడు.

"చూడండి బాబూ, ఇది ఉత్త సైకిలు. మహిమలేం లేవు. నా కాళ్ళు ఎప్పుడూ బానే ఉన్నాయి."

"మాకూ అనుమానమేనండీ" అన్నాడు ఆ కొడుకు. "మా అమ్మ వినట్లేదు. ఒక్కసారి ముట్టుకోనివ్వండి, పోయేదేముంది?"

ముసలావిడ ముట్టుకోలేదు. నా సీటుకేసి కాసేపు చూసింది. "ఇందులో కూకోవచ్చా నాయనా?" అని అడిగింది.

రంగనాయకులు నన్ను గట్టిగా పట్టుకున్నాడు. కొడుకు ఆవిణ్ణి పొదివి పట్టుకుని మెల్లగా కూర్చోబెట్టాడు. ఆవిడ వీపు వల మీద వాలింది. వంగి గట్టిపడిపోయిన వెన్ను మొదట ఒప్పుకోలేదు, తర్వాత కొంచెం కొంచెంగా దిగింది. ఆవిడ ఎన్నాళ్ళకో తలెత్తకుండా ఆకాశం చూసింది. నోరు తెరిచి అలా చూస్తూనే ఉంది.

"ఎట్టా ఉందే అమ్మా? ఏమన్నా తెలుస్తోందా?" అన్నాడు కొడుకు ఆత్రంగా.

"నువ్వు మాట్టాడకు. హాయిగా ఉంది."

చెరుకురసం గ్లాసులు ఖాళీ అయ్యాయి. ఎండ పక్కకు జరిగింది. కొడుకు మోటారు సైకిలు స్టార్టు చేశాడు, ఆపాడు, మళ్ళీ స్టార్టు చేశాడు. "ఇక లేమ్మా, పాపం ఆయన వెళ్ళాలి" అన్నాడు.

"ఆయనకు కాళ్ళు బానే ఉన్నాయన్నాడుగా. నడిచెళ్తాడులే" అని లక్ష్మీకాంతమ్మ కళ్ళు మూసుకుంది.

రంగనాయకులు గట్టిగా నవ్వేశాడు. ఆయన అలా నవ్వడం నేను మొదటిసారి విన్నాను. ఇంకో రసం చెప్పి, రోడ్డుపక్క రాయిమీద నడుం పట్టుకుని కూర్చున్నాడు. లేపండని ఎవరూ అనలేదు. కాసేపటికి నా సీటులోంచి గురక వినిపించింది.